పరభాషలో కథ చదువుట: ఈ-రీడరు, ఆడియో పుస్తకము

మన జూనియర్ కళాశాలలలో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసికొను విద్యార్థులు కొందరు కలరు. భాషమీది ప్రీతిచేత కాక, మార్కులు సులభముగ వచ్చునను ఆశచేత తీసికొనువారే వీరిలో ఎక్కువ. నేనును అట్టివారిలో ఒకడను. మార్కులు వచ్చినవి, భాష మాత్రము రాలేదు. చాల సంవత్సరముల తరువాత, భౌతికశాస్త్రము బోధించుచున్న కాలమున, జూల్ వెర్న్ రచించిన ‘ఎనుబది దినములలో భూప్రదక్షిణము’ అను నవలను మూలభాషలోనే చదువవలెనను కోరిక పుట్టినది. ఈ కథ 1872లో ఒక పారిస్ దినపత్రికలో భాగములుగా వెలువడి, 1873లో పుస్తకరూపము దాల్చినది. కథానాయకుడైన ఫిలియాస్ ఫాగ్ బొంబాయిలో ఓడ దిగి, కలకత్తాకు రైలెక్కును. నడుమ కొంత దూరము పట్టాలు వేయకుండుటచే, ఒక ఏనుగును కొని దానిమీద అలహాబాదు చేరవలసి వచ్చును. మన దేశపు ముచ్చటయే కదా, చదువుట కష్టము కాబోదని తలచితిని.

ఒక ప్రక్క పుస్తకము, మరియొక ప్రక్క లావుపాటి నిఘంటువు పెట్టుకొని కూర్చుంటిని. పుటకు పదునైదు, ఇరువది తెలియని మాటలు. ఒక్కొక్క మాటకు అర నిమిషమో, నిమిషమో పట్టెడిది. అర్థమును పట్టుకొని మరల పుస్తకమువైపు తిరుగునప్పటికి, వాక్యము ఎట్లు మొదలైనదో మరచిపోయెడివాడను. ముప్పదియేడు అధ్యాయముల నవలలో మూడవ అధ్యాయము దాటలేకపోతిని. ఏనుగు పదునొకండవ అధ్యాయమునగాని రాదు!

కొన్ని యేండ్లకు అదే నవలను ఈ-రీడరుమీద తుదివరకు చదివితిని. ఈలోపల నా ఫ్రెంచి ఏమియు మెరుగుపడలేదు. మారినది ఒక్కటే: తెలియని మాట ఎదురైన క్షణమునకును, దాని అర్థము తెలిసిన క్షణమునకును నడుమనున్న కాలము. ఆ కాలము ఏల అంత ముఖ్యమైనదో, దానిని ఈ పరికరము ఎట్లు తగ్గించునో, తగ్గించినను తీరని లోటు ఏదో, ఆ లోటును చెవి ఎంతవరకు పూరింపగలదో చూతము.

జ్ఞాపకము ఎంతసేపు నిలుచును?

1959లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున పీటర్సన్ దంపతులు ఒక చిన్న ప్రయోగము చేసిరి. సంబంధము లేని మూడు హల్లులను చెప్పి, వెంటనే ఒక పెద్ద సంఖ్యను ఇచ్చి, దానినుండి మూడేసి చొప్పున తగ్గించుచు వెనుకకు లెక్కింపుమనిరి. లెక్కించుచుండగా నడుమ ఆపి, ఆ మూడు హల్లులు ఏవియని అడిగిరి. మూడు సెకండ్లకు ఆపినచో చాలమంది చెప్పగలిగిరి. పదునెనిమిది సెకండ్లు గడచిన తరువాత సరిగా చెప్పినవి సుమారు పదింట ఒక పాలు మాత్రమే. మనస్సును వేరు పనికి మరల్చినచో, అప్పుడే గ్రహించిన విషయము కొద్ది సెకండ్లలో జారిపోవునని దీని సారము. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపవచ్చును, ఖర్చు లేదు. కాని ఒక హెచ్చరిక: మొదటి ఒకటి రెండు పర్యాయములలో విద్యార్థులు చక్కగా జ్ఞాపకముంచుకొందురు. అక్షరములు మార్చి పలుమారులు చేసినచో, పాతవి క్రొత్తవానికి అడ్డువచ్చి, అప్పుడు మరపు బయటపడును.

కథలోని వాక్యము మూడు హల్లులవంటిది కాదు. దానికి అర్థమున్నది, ముందు వెనుకల పొందిక ఉన్నది. కావున మరికొంతసేపు నిలుచును. అయినను పరభాషా వాక్యము సగము తెలిసి సగము తెలియక ఉన్నప్పుడు, ఆ సగము పట్టు చాల బలహీనమైనది. నిఘంటువు పుటలు త్రిప్పుచు, అకారాదిక్రమమున వ్రేలు నడపుచు గడపిన నిమిషము, వెనుకకు లెక్కించిన నిమిషమువంటిదే. అందుచేత మనము ఒకే వాక్యమును మూడుసార్లు చదువుదుము. కథను ఒక్కసారియు చదువము.

తెలియని మాటలు ఎన్నియున్న కథ నడచును? న్యూజీలాండులో హు, నేషన్ అను ఇద్దరు పరిశోధకులు ఒక కథలోని అరుదైన మాటలకు బదులు అర్థములేని మాటలు పెట్టి, ఇంగ్లీషు నేర్చుకొనుచున్నవారిచేత చదివించి, ఫలితములను 2000లో ప్రకటించిరి. నూటికి ఎనుబది మాటలు మాత్రమే తెలిసినప్పుడు కథను సరిపడునంతగ గ్రహించినవారు ఒక్కరును లేకపోయిరి. ఇతరుల సాయము లేక సుఖముగ చదువుటకు నూటికి తొంబదియెనిమిది మాటలవరకు తెలిసియుండవలెనని వారు అంచనా కట్టిరి. అనగా మూడువందల మాటల పుటలో ఆరు మాటలకు మించి తెలియనివి ఉండరాదు. నూటికి తొంబదియైదు తెలిసినవాడు గట్టి విద్యార్థియే. కాని వానికి పుటకు పదునైదు మాటలు అడ్డుపడును. నాకు కలిగిన కష్టము సరిగా ఇదియే.

‘ఇంకను మాటలు నేర్చుకొని తరువాత చదువుము’ అని మన పెద్దలు చెప్పుదురు. కాని భాషలోని మాటలు సమానముగ వాడుకలో ఉండవు. కొలదిపాటి మాటలు అడుగడుగునకు వచ్చును. లెక్కలేనన్ని మాటలు ఎప్పుడో ఒకసారి తొంగిచూచును. ఏ నవలనైనను తీసికొని అందలి వేరువేరు మాటల పట్టిక వ్రాసినచో, అందులో ఇంచుమించు సగము మాటలు ఆ నవలలో ఒక్కసారియే కనబడును. మొదటి రెండువేల మాటలు నేర్చినచో పుటలో ఎక్కువ భాగము తెలియును. ఆపైన ప్రతి క్రొత్త వేయి మాటలకును ఫలము తగ్గుచు పోవును. కనుక ముందు భాష, తరువాత సాహిత్యము అని కూర్చున్నవాడు సాహిత్యమును చేరుట దుర్లభము. ఆ మిగిలిన పదునైదు మాటలను దాటించు పడవ కావలెను.

రేణువులతో వ్రాసిన పుట

ఆ పడవయే ఈ-రీడరు. పలకవలె పలుచనిది. దీని ముఖభాగము సెల్‌ఫోను తెరవంటిది కాదు. సెల్‌ఫోను తెర తానే వెలుగును. ఈ-రీడరు తెర కాగితమువలె తనమీద పడిన వెలుగును తిరిగి పంపును. అందుచేతనే మిట్టమధ్యాహ్నపుటెండలోకూడ అక్షరములు స్పష్టముగ కనబడును. చీకటిలో చదువుటకు కొన్నింటిలో అంచులనుండి తెరపై వెలుగు పరచు చిన్న దీపములు కలవు.

తెరలో తలవెండ్రుక మందముపాటి చిన్న చిన్న గుళికలు లక్షలకొలది ఉండును. ప్రతి గుళికలోను పారదర్శకమైన నూనెవంటి ద్రవము, అందులో తేలియాడు రెండు రకముల రేణువులు ఉండును. తెల్లనివి టైటానియమ్ డయాక్సైడ్ రేణువులు. గోడలకు వేయు తెల్లరంగులలో వాడునది ఇదియే. నల్లనివి కర్బన రేణువులు. తెల్లవానికి ఒక విధమైన విద్యుదావేశమును, నల్లవానికి దానికి వ్యతిరేకమైన ఆవేశమును ఇచ్చియుందురు. గుళిక క్రిందనున్న ఎలక్ట్రోడునకు ధనావేశము కలిగించినచో ఒక రంగు రేణువులు పైకి తేలును. ఋణావేశము కలిగించినచో రెండవ రంగువి పైకి వచ్చును. పైన నల్లనివి ఉన్నచోట అక్షరపు గీత, తెల్లనివి ఉన్నచోట కాగితము.

ద్రవములోని ఆవేశిత రేణువులు విద్యుత్ క్షేత్రమున కదలుటను ఎలక్ట్రోఫోరెసిస్ అందురు. 1807లో మాస్కోలో రాయిస్ అను శాస్త్రజ్ఞుడు నీటిలోని బంకమట్టి రేణువులు ఇట్లు కదలుటను గమనించెను. రక్తపు ప్రోటీనులను ఇదే పద్ధతిచే వేరుపరచి, స్వీడన్ దేశీయుడైన టిసేలియస్ 1948లో నోబెల్ బహుమతి పొందెను. ఆస్పత్రి ప్రయోగశాలలో ఉన్న ఈ సూత్రము పుస్తకములోనికి వచ్చుటకు మరి యేబది యేండ్లు పట్టినది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాకబ్సన్, ఆయన సహచరులు గుళికల సిరాను తయారుచేసి 1998లో ప్రకటించిరి. 2004లో జపానులో సోనీవారి పరికరము, 2007లో అమెరికాలో అమెజాన్‌వారి కిండిల్ బజారునకు వచ్చినవి.

ఇందులో రెండు చమత్కారములు కలవు. మొదటిది: రేణువులు ఒకసారి చేరవలసినచోటికి చేరిన తరువాత, విద్యుత్తు ఆపివేసినను అచటనే నిలిచియుండును. పుట త్రిప్పునపుడు మాత్రమే తెరకు విద్యుత్తు కావలెను. పుటను గంటసేపు చూచుచు కూర్చున్నను తెరకు ఖర్చు లేదు. ఒకసారి ఛార్జి చేసిన బాటరీ వారములతరబడి వచ్చుటకు కారణమిదియే. రెండవది గుణమో దోషమో పాఠకులే నిర్ణయింతురు గాక: ద్రవమునకు స్నిగ్ధత ఉండుటచే రేణువులు తాపీగా కదలును. పుట మారుటకు అర సెకండువరకు పట్టవచ్చును. అందుచేత ఈ తెరమీద సినిమా చూచుట సుఖముగ ఉండదు. నవల చదువువానికి ఇది వరమేయని నా అభిప్రాయము.

వ్రేలు పెట్టిన మాట

మాటమీద వ్రేలు నిలిపినచో, ఒక సెకండులో దాని అర్థము తెరమీద చిన్న గడిలో వచ్చును. వెదకుట యంత్రమునకు కష్టము కాదు. అకారాదిక్రమమున లక్ష మాటలున్న నిఘంటువులో నడిమి మాటతో పోల్చి, కావలసినది ముందున్నదో వెనుకనున్నదో తెలిసికొని, సగమును వదలివేయును; మిగిలిన సగములో మరల అట్లే చేయును. ఇట్లు పదునేడు పోలికలలో లక్షలోనుండి ఒక్క మాట దొరకును. రెండును పదునేడుసార్లు గుణించినచో లక్ష దాటును కదా!

అసలు కష్టము మరియొకచోట కలదు. పుస్తకములోని మాట నిఘంటువులోని మాట కాదు. తెలుగులో ‘రమ్ము’, ‘వచ్చెను’, ‘రాలేదు’ అను మూడును ‘వచ్చు’ అను ధాతువుక్రిందనే వెదకవలెను. తెలుగు నేర్చుకొను పరదేశికి ఆ సంగతి ఎవరు చెప్పవలెను? ఇంగ్లీషులో ‘వెంట్’ అనునది ‘గో’ క్రింద ఉండును. ఫ్రెంచిలో వెళ్ళుట అను అర్థముగల ‘అలే’ అను క్రియకు ‘వా’ అని వర్తమానము, ‘ఇరా’ అని భవిష్యత్తు. మూడింటికిని ఒక్క అక్షరపు పోలికయైన లేదు. ఈ-రీడరు నిఘంటువులు తయారుచేయువారు ప్రతి ధాతువునకును దాని రూపములన్నింటిని ముందుగనే పట్టిక కట్టి ఉంచుదురు. కాగితపు నిఘంటువుతో నేను కోల్పోయిన కాలములో సగము ఈ ధాతువులను ఊహించుటలోనే పోయినది. ప్రత్యయములు ఒకదానిమీద ఒకటి పేరుకొనునట్టి, సంధులతో మాటలు అతుకుకొనునట్టి మన తెలుగువంటి భాషకు అట్టి పట్టిక కట్టుట మిక్కిలి శ్రమతో కూడిన పని.

ఇక యంత్రము చేయలేనిది చూడుడు. వ్రేలు ఒక మాటమీద పడును. అర్థము ఒక్కొక్కప్పుడు రెండు మూడు మాటలలో చెదరియుండును. ఇంగ్లీషులో ‘పుట్’, ‘అప్’, ‘విత్’ మూడును చేరినప్పుడు ‘ఓర్చుకొను’ అని అర్థము. విడివిడిగా తాకినచో ఉంచుట, పైకి, తోడ అని వచ్చును. జర్మనులో ‘ఫెంగ్ట్’ అను మాట వాక్యము నడుమనుండి, దాని తునక ‘ఆన్’ అనునది వాక్యాంతమున ఉండును. రెండును కలిసి ‘ఆరంభించును’ అని అర్థము. నడిమి మాటను తాకినచో ‘పట్టుకొనును’ అని మాత్రమే చెప్పును.

మాట ఒక్కటేయైనను మోసపోవచ్చును. నేను ఆశతో ఎదురుచూచిన ఏనుగు అధ్యాయము వచ్చినది. యజమాని అమ్మనని పట్టుబట్టెను. ఫాగ్ దొర ధర పెంచుచు పోయి, చివరకు రెండువేల ‘లీవ్ర్’లకు బేరము కుదుర్చుకొనెను. వ్రేలు నిలిపితిని. ‘పుస్తకము’ అని వచ్చినది. రెండువేల పుస్తకములకు ఏనుగును కొనెనా! ఫ్రెంచిలో ‘లీవ్ర్’ అను మాట పుంలింగమైనచో పుస్తకము, స్త్రీలింగమైనచో పౌను. బహువచనమున లింగభేదము పైకి కనబడదు. నిఘంటువు మొదటి అర్థమును ముందుకు త్రోసినది. రెండవ అర్థమును నేను క్రిందికి జరిపి చూడవలెను. అప్పటినుండి గడిలో వచ్చిన మొదటి వరుసను నమ్ముట మానితిని.

మరియొక జాగ్రత్తయు కలదు. తాకుట సులభమైనకొలది ప్రతి మాటను తాకవలెననిపించును. అట్లు చేసినచో కాగితపు నిఘంటువునాటి కష్టమే వేరు రూపమున తిరిగివచ్చును. పుస్తకములో సగము మాటలు ఒక్కసారియే వచ్చునని పైన చెప్పితిని. కావున నేను మొదటిమారు కనబడిన మాటను, వాక్యము నడచుచున్నంతవరకు, పోనిచ్చెదను. రెండవమారు ఎదురైనప్పుడు తాకెదను. ఓడ, తెరచాప, ఆవిరియంత్రపు భాగములు మొదలగు మాటలు వెర్న్ నవలలో కోకొల్లలు. వానిలో చాలవరకు నాకు నేటికిని తెలియవు.

చెవి చేయు పని

ఇంత చేసినను ఒక లోటు మిగిలినది. మాటలు తెలిసినవి, వాక్యము పలుకలేదు. నేను ఫ్రెంచిని తెలుగు అక్షరములవలె, వ్రాసినట్లు చదువుచుంటిని. తెలుగులో వ్రాసినదే పలుకుదుము. ఫ్రెంచిలో మాటల చివరి హల్లులు అనేకము మూగవి. కాని తరువాతి మాట అచ్చుతో మొదలైనచో ఆ మూగ హల్లు మేల్కొనును. ‘లే’ అనునది బహువచన సూచకము, ‘అమీ’ అనగా మిత్రుడు. రెండును కలిసినప్పుడు ‘లేజామీ’ అని వినబడును. ఏకవచనమున ‘ల’ లోని అచ్చు లోపించి ‘లామీ’ అగును. ‘రాముడు’, ‘అతడు’ కలిసి ‘రాముడతడు’ అగుట మన పిల్లలు ఏడవ తరగతిలోనే నేర్తురు. కాని మనము సంధిని కంటితో చూతుము, ఫ్రెంచివారు చాలవరకు చెవితోనే వినవలెను. ఈ సంధులు వినక చదివినవాడు ఆ భాషలోని వచనపు నడకను ఎరుగడు.

పుస్తకమును గాత్రముగ వినవచ్చునను తలంపు పాతదే. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును నిర్మించి, మరుసటి సంవత్సరము దాని ఉపయోగములను వ్రాయుచు, అంధులకు గాత్రపుస్తకములను చేర్చెను. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికా, ఇంగ్లండు దేశములలో అంధులకొరకు గ్రామఫోను రికార్డులమీద నవలలు చదివించిరి. నేడు మనము సెల్‌ఫోనులో వినుచున్న ఆడియో పుస్తకములు అంధులకొరకు పుట్టిన విద్యకు వారసులే.

క్రొత్తగా నేర్చుకొనువానికి గాత్రముతో వచ్చు చిక్కు వేగము. చదువరి నిమిషమునకు సుమారు నూటయేబది మాటలు చదువును. నేను ఫ్రెంచిలో అందులో సగము వేగముననైన చదువలేకుంటిని. గ్రామఫోను రికార్డును మెల్లగా త్రిప్పినచో స్వరము బొంగురుపోవునని ఎరుగుదుము. నేటి పరికరములో వేగమును ముప్పాతికకు తగ్గించినను స్వరము మారదు. ఇది ఎట్లు?

పురుషుని కంఠము సెకండునకు 125 కంపనములు చేయుచున్నదనుకొందము. ఒక్కొక్క కంపనమునకు 8 మిల్లీసెకండ్లు. ‘ఆ’ అను అచ్చును సెకండులో ఐదవవంతు పలికినచో అందులో 25 కంపనములుండును. అన్నియు ఇంచుమించు ఒకే ఆకారము గలవి. రికార్డును ముప్పాతిక వేగమున త్రిప్పినచో ప్రతి కంపనమును సాగి, పౌనఃపున్యము 94కు పడిపోవును, అందుచే బొంగురు. దానికి బదులు కంపనములను సాగదీయక, మూడింటికి ఒకటి చొప్పున మరల చేర్చినచో 25 కాస్త 33 అగును. అచ్చు దీర్ఘమగును, స్వరము మారదు. యంత్రము ధ్వనిని సెకండులో కొన్ని వందలవవంతుల తునకలుగ కోసి, అలకు అల సరిగా అతుకునట్లు చూచి, అంచులు కలిపి కుట్టును. దర్జీ గళ్ళ గుడ్డను, గడికి గడి కలియునట్లు అతికినట్లే. ‘ట’, ‘ప’ వంటి స్పర్శములలో తిరిగివచ్చు అల లేదు. అచట తునకను మరల చేర్చినచో అక్షరము నత్తిగ వినబడును. అందుచేత సగముకంటె తక్కువ వేగమునకు దించుట మంచిది కాదు.

కన్నును చెవియు ఒకదానినొకటి దిద్దును. ‘ప్వాసోఁ’ అనగా చేప. దాని నడుమనుండు సకారమును ఇంగ్లీషు ‘జూ’ అను మాటలోని హల్లువలె పలికినచో విషము. మన దంత్య జకారము కూడ ఆ హల్లునకు సరిగా సరిపోదు; నా చెవికి రెండు మాటలును ఒకటియే. వ్రాతలో మాత్రము ఒకదానిలో ద్విత్వము, మరియొకదానిలో ఒంటి హల్లు. కన్ను చూచుచుండగా విని విని, చివరకు చెవి ఆ భేదమును పట్టినది. 2011లో వచ్చిన ఈపబ్ మూడవ ప్రమాణములో, గాత్రము ఏ వాక్యమును చదువుచున్నదో ఆ వాక్యమునకు రంగు వేయు ఏర్పాటు కలదు. అది లేకున్నను, చేతిలో కాగితపు పుస్తకము, బల్లమీద సెల్‌ఫోను చాలును. ఇంగ్లీషు ఉపవాచకములోని కథలకు పాఠశాలలో ఇంతకు మించి అక్కరలేదు.

గాత్రము చేయు మేలు మరియొకటి కలదు. కంటితో చదువునపుడు మనము తరచుగ వెనుకకు పోదుము. కఠినమైన వాక్యమున మరియు ఎక్కువగ పోదుము. గాత్రము వెనుకకు పోనీయదు. తెలియని మాటవద్ద నిలువక, వాక్యము తుదివరకు మనలను లాగుకొనిపోవును. అచట చాలసార్లు ఆ మాట అర్థము దానంతట అదియే తోచును.

పుస్తకములకు డబ్బు పెట్టనక్కరలేదు. మైకేల్ హార్ట్ 1971లో ప్రారంభించిన గూటెన్‌బర్గ్ ప్రాజెక్టులో, గ్రంథస్వామ్యము తీరిన పుస్తకములు డెబ్బదివేలకు పైగా, అనేక భాషలలో ఉచితముగ కలవు. 2005లో మొదలైన లిబ్రివాక్స్‌లో స్వచ్ఛందముగ చదివినవారి గాత్రములు కలవు. జీతమునకు చదివినవి కావు కనుక, ఒక గొంతు మధురముగను మరియొకటి తడబడుచును ఉండవచ్చును. ముందు నాలుగు నిమిషములు విని ఎన్నుకొనవలెను.

నేను ఒక్కొక్క అధ్యాయమును ముందు నిఘంటువు సాయముతో కంటితో చదివి, తరువాత పుటను చూచుచు విని, మూడవసారి కళాశాలకు పోవు బస్సులో పుస్తకము లేకయే వినుచుంటిని. ఏనుగు బేరము వచ్చిన దినమున చదువరి ధర పెరిగినకొలది గొంతు పెంచుచు పోయెను. వేయి, వేయిన్ని రెండువందలు, వేయిన్ని ఐదువందలు. బస్సులో రద్దీ, హారన్ల మోత. ‘రెండువేల లీవ్ర్’ అని వినబడినప్పుడు నాకు పుస్తకము అను అర్థము తోచనేలేదు. నేను దిగవలసిన స్టాపు దాటిపోయినది.